బండిపై ప్రయాణించు తెరచాప పడవ: పాతదానిని కొనునపుడు చూడవలసినవి

మన సంఘమునకు చెందిన కుటుంబములలో పలువురి కుమారులు, కుమార్తెలు ఉద్యోగములకై అమెరికా సంయుక్త రాష్ట్రములకు వెళ్లి స్థిరపడినారు. ఆ దేశమున సరస్సులు, నదులు, సముద్రపు పాయలు విస్తారముగా కలవు. అచట చిన్న తెరచాప పడవను కలిగియుండుట ధనికుల విలాసము మాత్రమే కాదు. సామాన్యమైన జీతముతో బ్రతుకు కుటుంబము సైతము పాతదానినొకదానిని కొని, ఇంటి ముంగిట నిలుపుకొని, సెలవునాడు కారు వెనుక తగిలించి నీటికి తీసికొనిపోవుట కలదు. అట్టి పడవ చౌకగా వచ్చుచున్నదని పిల్లలు ఫోనులో చెప్పినపుడు, "నీళ్లతో చెలగాటము వద్దు" అని ఒక్కమాటతో త్రోసివేయుట తలిదండ్రులకు సులభమే. కాని దానివలన పిల్లలకు కలుగు మేలు లేదు. తెలిసి అడిగిన నాలుగు ప్రశ్నలు వారి ధనమును, ఒక్కొక్కప్పుడు ప్రాణమును కూడ కాపాడగలవు. ఆ ప్రశ్నలను తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ముందుగా ఒక సూత్రము చెప్పుచున్నాము. బండిపై ఎక్కు పడవకు ఏ ఏ భాగములు ఆ సౌకర్యమును కలిగించుచున్నవో, కాలక్రమమున అరుగునవియు ప్రధానముగా ఆ భాగములే. కనుక పాతదానిని పరీక్షించువాడు రంగును, దిండ్లను, తళుకును చూచుటకు ముందు ఆ భాగములను చూడవలెను.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు. గంజాం తీరమున తెలుగు మాటలాడు జాలరులు నిన్నమొన్నటివరకు దుంగలను త్రాళ్లతో కట్టిన తెప్పలపై వేటకు పోయెడివారు. వేట ముగిసిన పిదప కట్లు విప్పి, దుంగలను ఇసుకపై ఆరబెట్టెడివారు. దుంగ అనేక సంవత్సరములు మన్నును, త్రాడు మన్నదు. అందుచేత వారి దృష్టి మొదట కట్టుపైననే నిలిచెడిది. ఆ తీరపు పెద్ద పడవలను మేకులు లేకుండ కొబ్బరిత్రాటితో కుట్టెడివారు. వానియందును మొదట చెడునది కుట్టే. నేడు ఫైబరు పడవలును ఇంజనులును వచ్చి అవి అరుదైనవి. అయినను విప్పి కట్టుటకు వీలైన చోటనే అరుగుదల కలుగునను నీతి మాత్రము మారలేదు.

ఒక పడవ పరిచయము

ఉదాహరణమునకు ఒక్క పడవను తీసికొందము. దాని పేరు కాటలీనా 22. ఫ్రాంక్ బట్లర్ అను అమెరికా దేశీయుడు దీనిని రూపొందించెను. 1969లో నిర్మాణము ఆరంభమైనది. ఇంతవరకు ఇట్టివి 15,000కు పైగా తయారైనవి. 1995లో దీనికి అమెరికా తెరచాప పడవల కీర్తిమందిరమున స్థానము లభించినది. ఇన్ని తయారగుటచేత పాతవి సులభముగా దొరకును, విడిభాగములును దొరకును. పాత వస్తువును కొనువారికి ఈ రెండవ సంగతి మొదటిదానికంటె ముఖ్యము.

దీని పొడవు 21 అడుగుల 6 అంగుళములు. మొదటి నమూనా వెడల్పు 7 అడుగుల 8 అంగుళములు. అనగా ప్రత్యేకమైన అనుమతి లేకుండ రహదారిపై లాగుకొనిపోదగినంత. లోపల ఒక చిన్న గది కలదు. అందు నిలుచుటకు వీలుపడదు, కూర్చుండవచ్చును, పరుండవచ్చును. నలుగురికి పడకలున్నవని చెప్పుదురు గాని, ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఒక రాత్రి గడుపుటకు సరిపోవునని అనుకొనుట మేలు. పగలు నలుగురైదుగురు కూర్చుండి విహరింపవచ్చును. గాలి లేనపుడును, రేవులో ప్రవేశించునపుడును వాడుటకు వెనుకవైపున ఒక చిన్న ఇంజను తగిలింతురు.

అడుగుదూలము

గాలి ప్రక్కనుండి వీచునపుడు తెరచాప పడవను ముందునకే కాక ప్రక్కకును నెట్టును. నీటిలోనికి లోతుగా దిగిన పలక ఒకటి ఉన్నచో అది ఆ ప్రక్కనెట్టుడును అడ్డుకొనును. ఆ పలక బరువైనదగుచో పడవ ఒరిగినపుడు దానిని మరల నిటారుగా నిలుపును. ఈ రెండు పనులు చేయు భాగమునే ఆంగ్లేయులు కీల్ అందురు. మనము అడుగుదూలమందము.

అడుగుదూలము లోతుగా ఉన్న పడవ బండిపై ఎక్కుట కష్టము. కాటలీనా 22లో ఎక్కువవానికి దీనిని ఒక ఇరుసుపై తిరుగునట్లు అమర్చినారు. క్రిందికి దింపినపుడు పడవకు 5 అడుగుల నీరు కావలెను. పైకి మడచినపుడు 2 అడుగులు చాలును. ఈ దూలము పోతయినుముతో చేయబడి సుమారు 550 పౌన్ల బరువుండును. మన లెక్కలో 250 కిలోలు. పడవ మొత్తము బరువు సుమారు 2,250 పౌన్లు మాత్రమే. అనగా పడవ బరువులో దాదాపు నాలుగవ వంతు ఒక్క ఇరుసుపైనను, ఒక్క ఉక్కుతీగపైనను ఆధారపడియున్నది. గదిలో మెట్టు క్రింద నున్న చుట్టుయంత్రమును చేతితో త్రిప్పినచో ఆ తీగ దూలమును ఎత్తును, దింపును.

ఇరుసు సంవత్సరముల తరబడి ఊగి అరుగును. ఇరుసును పట్టియుంచు దిమ్మెలలోని రంధ్రములు గుండ్రదనమును కోల్పోయి కోలగా మారును. తీగ తుప్పుపట్టును. అది తెగినచో 250 కిలోల ఇనుము ఒక్కసారిగా క్రిందికి ఊగి, పడవ అడుగును పగులగొట్టవచ్చును. తీగ లోనికి వచ్చు చోట ఒక రబ్బరు గొట్టము ఉండును. అది చీలినచో నీరు లోనికి ప్రవేశించును. కొలది రూపాయల విలువగల గొట్టము మొత్తము పడవను ముంచగలదని గ్రహింపవలెను.

కనుక అమ్మువానిని మొదట అడుగవలసినది "ధర ఎంత?" అని కాదు. "ఇరుసు, తీగ, గొట్టము ఎప్పుడు మార్చినారు? మార్చినట్లు రసీదు ఉన్నదా?" అని. పడవ బండిపై నున్నపుడు ఈ భాగములు చాలవరకు మరుగుపడి యుండును. ఎత్తుటకు సదుపాయము గల పడవలశాలలో పైకెత్తించి, దూలమును పట్టుకొని ప్రక్కలకు ఊపి చూడవలెను. కొద్దిపాటి కదలిక సహజము. ఇరుసు వద్ద ఠంగున మ్రోగునంత వదులు ఉన్నచో మరమ్మతు తప్పదు.

నీటిపైనను రెండు గురుతులు కలవు. పడవ వేగముగా పోవునపుడు తీగ తంబుర వలె మ్రోగుట కలదు. అది నీటి ఒరపిడి వలన కలుగు ధ్వని, భయపడనక్కరలేదు. కాని రాత్రి లంగరు వేసి పరుండినపుడు, పడవ ఊగినప్పుడెల్ల అడుగున సుత్తితో కొట్టినట్లు చప్పుడగుచున్నచో దూలము ప్రక్కలకు తగులుచున్నదని అర్థము.

సముద్రములో వాడిన పడవకును సరస్సులో వాడినదానికిని ఇందు గొప్ప వ్యత్యాసము కలదు. ఉప్పునీరు ఇనుమును శీఘ్రముగా తినివేయును. రెండు పడవలు ఒకే వయస్సు, ఒకే ధర గలవైనచో మంచినీటి సరస్సులో వాడినదానిని ఎన్నుకొనుట వివేకము.

తెరచాపకొయ్య

పేరునకు కొయ్యయే గాని ఇది అల్యూమినియపు గొట్టము. సుమారు 25 అడుగుల పొడవు. ప్రయాణమునకు పడుకోబెట్టుటకు వీలుగా దీని అడుగున ఒక కీలు కలదు. దీనిని నిలిపి యుంచునవి నాలుగువైపులకు లాగి కట్టిన ఉక్కుతీగలు. ప్రతి తీగయు అనేక పోగుల పేనుడు. ఒక దూది ఉండను తీగ వెంబడి నడిపించినచో తెగిన పోగు ఉన్నచోట దూది తగులుకొనును. చేతితో రాయరాదు, వ్రేలు తెగును. ఒక్క పోగు తెగినను ఆ తీగను మార్చవలెను. తీగ చివర లోహపు తొడుగులో సన్నని పగుళ్లున్నవేమో భూతద్దముతో చూడవలెను.

ఇచట ప్రాణమునకు సంబంధించిన ఒక హెచ్చరిక చెప్పవలసియున్నది. అల్యూమినియము విద్యుత్తును చక్కగా ప్రవహింపజేయును. కొయ్యను నిలిపిన పడవను బండితో సహా లాగుకొనిపోవుచు పైనున్న కరెంటు తీగకు తగిలించినచో చేతులు వేసినవారు మరణింతురు. కొయ్యను నిలుపుటకు ముందు తలయెత్తి ఆకాశమును చూడవలెను. నిలిపిన పిదప నీటిలోనికి పోవు త్రోవయంతటిని కూడ చూడవలెను.

డెక్కు, తెరచాపలు

పడవ పైభాగము రెండు ఫైబరు పొరల నడుమ చెక్కను పెట్టి చేయబడినది. కమ్మీలు, కొక్కెములు బిగించిన మరల వద్ద సందు ఏర్పడినచో వాననీరు లోని చెక్కకు చేరును. పైకి పొర నిగనిగలాడుచునే యుండును. లోని చెక్క క్రుళ్లిపోవును. దీనిని కనుగొనుటకు మన తల్లులకు తెలిసిన ఉపాయమే చాలును. సంతలో కుండను కొనునపుడు వేళ్లతో తట్టి చూతురు గదా! అటులనే మరత్రిప్పు సాధనపు పిడితో డెక్కు అంతటిని తట్టవలెను. మంచిచోట ధ్వని ఖంగుమనును. క్రుళ్లినచోట మొద్దుగా పలుకును. నడచినపుడు పాదము క్రింద మెత్తగా దిగుట మరింత చెడ్డ గురుతు. కొయ్య నిలుచు చోటును, తీగలు బిగించిన చోట్లను విడిచిపెట్టక తట్టవలెను.

తెరచాపలలో బట్టకంటె ముందు చెడునది కుట్టు. ఎండకు దారము చివుకును. గోటితో కుట్టును గీరినపుడు దారము పొడిగా రాలినచో ఆ చాప గాలికి నిలువదు. క్రొత్తబట్ట గంజిపెట్టినట్లు కరకరలాడును; పాతది పాతపంచె వలె మెత్తబడును. మెత్తబడినది పనికిరాదని కాదు. విహారమునకు పనికివచ్చును గాని, దాని వయస్సును ధరలో లెక్కింపవలెను.

బండి

పడవను శ్రద్ధగా చూచినవారు సైతము బండిని చూడక మోసపోవుదురు. పడవను దింపునప్పుడెల్ల బండి చక్రములు నీట మునుగును. వేడెక్కిన బేరింగులు చల్లని నీటిలో మునిగినపుడు నీటిని లోనికి పీల్చును, గ్రీజు చెడును, తుప్పు పట్టును. పిదప ఏదో యొక ఎండవేళ రహదారి నడుమ చక్రము బిగుసుకొనిపోవును. చక్రమును నేలనుండి ఎత్తి చేతితో త్రిప్పి చూడవలెను. గరగర ధ్వని ఉండరాదు. పట్టి ఊపినపుడు వదులు ఉండరాదు.

ఈ బండ్లు ఎక్కువకాలము కదలక నిలిచియుండును గనుక టైరు అరుగక మునుపే ముదుసలి యగును. గాళ్లు లోతుగా ఉన్నవని నమ్మరాదు. టైరు ప్రక్కన అచ్చువేసిన అంకెలలో చివరి నాలుగు అది పుట్టిన వారమును, సంవత్సరమును తెలుపును. 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున చేయబడినదని అర్థము. అయిదారేండ్లు దాటిన టైరును మార్చుట క్షేమము.

పడవ, బండి, ఇంజను, నీరు, సామగ్రి అన్నియు కలిపినచో 3,000 పౌన్లు దాటును. అనేక రాష్ట్రములలో ఆ బరువు దాటిన బండికి సొంత బ్రేకులు ఉండవలెనని నిబంధన కలదు. కారు అంత బరువును లాగగలదా యనునది కారు తయారీదారు ఇచ్చిన పుస్తకములో చూడవలెను. పొరుగువాని మాటపై ఆధారపడరాదు. మొత్తము బరువులో సాధారణముగా నూటికి 10 పాళ్లు కారు కొక్కెముపై మోపబడునట్లు అమర్చుదురు. అది మరీ తక్కువైనచో బండి పాము వలె అటునిటు ఊగును. రహదారిపై పోవునపుడు అడుగుదూలపు బరువు తీగపై ఉండరాదు. బండిపై అమర్చిన దిమ్మెపై ఆనవలెను.

కాగితములు

పడవకును బండికిని వేర్వేరు కాగితములుండును. ఒకటి ఉండి రెండవది లేనిచో ముందునకు పోరాదు. 1972 నవంబరు 1 తరువాత ఆ దేశమున నిర్మింపబడిన ప్రతి పడవకును 12 అక్షరములు, అంకెలు గల గుర్తింపు సంఖ్య ఉండవలెను. అది పడవ వెనుకగోడపై కుడివైపున పైభాగమున ఉండును. ఆ సంఖ్య కాగితములోని సంఖ్యతో అక్షరమునకక్షరము సరిపోవలెను. చెరిపిన గురుతులున్నచో ఆ పడవ ఎంత చౌకయైనను వలదు.

ధర

పాత పడవకు అడిగిన ధర అసలు ధర కాదు. తెరచాపలు, టైర్లు, తీగలు, ఇంజను వీనిలో మార్చవలసినవానిని ఒక కాగితముపై వ్రాసి, ఒక్కొక్కదానికి క్రొత్త వెల కనుగొని కూడవలెను. ఆ మొత్తము పడవ వెలను మించుట అరుదు కాదు. అందుచే "ఉచితముగా ఇచ్చెదను, తీసికొనిపొండు" అను పడవ ఒక్కొక్కప్పుడు అన్నిటికంటె ఖరీదైనది. గత యజమాని శ్రద్ధతో కాపాడి, రసీదులు దాచి, కొంచెము ఎక్కువ అడిగిన పడవయే తుదకు చౌక. ధర పెద్దదైనచో పడవలను పరీక్షించు నిపుణునికి రుసుము చెల్లించి చూపించుట మంచిది. కొనుటకు ముందు ఒకసారి నీటిపై నడిపి చూడవలెను. ఇంజను చల్లగా ఉండగా అమ్మువాడు మన యెదుటనే దానిని నడుపవలెను. ముందే వేడిచేసి సిద్ధముగా ఉంచినచో అనుమానింపవలెను. నడచునపుడు దానిని చల్లబరచు నీటిధార బయటకు చిమ్మవలెను.

రాత్రి బస

పగటి విహారమునకును రాత్రి బసకును భేదము కలదు. పగలు పొరపాటును కన్ను చూచును. రాత్రి అందరును నిద్రింతురు. కావున లంగరును, మోకును పడవతోపాటు పరీక్షింపవలెను. నీటిలోతునకు పడవ ముక్కు ఎత్తును కలిపి, ఆ మొత్తమునకు ఏడురెట్ల మోకు వదలుట వాడుక. మోకు పొట్టిదైనచో లంగరు పైకి లాగబడి పట్టు విడుచును. సముద్రపు పాయలలో పోటు వేళ నీరు పెరుగును గనుక పెరిగిన లోతునే లెక్కింపవలెను. రాత్రియంతయు నాలుగు దిక్కులకు కనబడు తెల్లని దీపము వెలుగవలెను.

చిన్న గదిలో పొయ్యి వెలిగించి తలుపు మూయరాదు. కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు వాసన లేదు, రంగు లేదు, నిద్రించువాడు మేల్కొనడు. వంట బయట చేయవలెను. గదిలో ఆ వాయువును కనిపెట్టు గంటను అమర్చవలెను.

పడవలో ఎందరున్నారో అన్ని ప్రాణరక్షక కవచములుండవలెను; ప్రతిదియు ధరించువాని కొలతకు సరిపోవలెను. 13 ఏండ్లలోపు పిల్లలు, పడవ నడచుచున్నంతసేపు గది వెలుపల ఉన్నచో, కవచమును తొడిగియే యుండవలెనని అచటి కేంద్ర నిబంధన. రాష్ట్రమునకు సొంత నిబంధన ఉన్నచోట అది వర్తించును. ఈత వచ్చునను కారణముచే కవచమును మానరాదు. చల్లని నీటిలో హఠాత్తుగా పడినచో ఈతగానికి సైతము ఊపిరి అదుపు తప్పును.

ఇంటివద్ద చేయదగిన అభ్యాసము

ఈ పాఠమును పిల్లలచే పైకి చదివించి క్రింది ప్రశ్నలు అడుగుడు. తెరచాప, చుక్కాని, లంగరు, మోకు, రేవు, పోటు అను మాటలు బడిపుస్తకములోనివి మాత్రమే కావు. మన తీరపు జాలరుల నోట బ్రతికియున్న మాటలు. ఎంత నూతనమైన పడవను గూర్చి చెప్పుటకైనను అవి చాలునని పిల్లలు తెలిసికొందురు.

1. పడవ, బండి, సామగ్రి కలిసి 3,200 పౌన్లు. నూటికి 10 పాళ్ల చొప్పున కారు కొక్కెముపై ఎంత బరువు మోపవలెను?

2. నీటిలోతు 8 అడుగులు. పోటుకు మరి 2 అడుగులు పెరుగును. పడవ ముక్కు నీటిపై 3 అడుగుల ఎత్తున నున్నది. ఏడురెట్ల చొప్పున ఎంత మోకు వదలవలెను?

3. టైరుపై 4816 అని ఉన్నది. అది ఏ సంవత్సరమున, ఏ వారమున చేయబడినది? దానిని నమ్మవచ్చునా?

4. తెప్పలో మొదట చెడు భాగమేది? కాటలీనా 22లో మొదట చూడవలసిన భాగమేది? ఈ రెండింటికి గల పోలిక యేమి?

మొదటి మూడింటికి జవాబులు వరుసగా: 320 పౌన్లు, 91 అడుగులు, 2016వ సంవత్సరపు 48వ వారము, నమ్మరాదు. నాలుగవదానికి జవాబు పిల్లలే తమ మాటలలో చెప్పవలెను. చెప్పగలిగిన బిడ్డ రేపు పడవనే కాదు, పాత సైకిలును, పాత ఇంటిని, పాత యంత్రమును కొనునపుడు కూడ ముందుగా కీలును చూచును. రంగును తరువాత చూచును.